బానెట్ మీది నామం

మా బండి ముందు ఆగే మనుషులు రెండు రకాలు. కొందరు చెప్పులు విడిచి దండం పెడతారు. కొందరు, "ఎవురప్పా ఈ పెయింటు కొట్టింది, ఇట్ల ఊడిపోయిండాది?" అని అడుగుతారు. దండం పెట్టేవాళ్లను చూస్తే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. అడిగేవాళ్లంటేనే నాకు ఇష్టం. చిత్తూరులో ఏ షెడ్డుకు పోయినా రెండు రోజుల్లో రంగు వేసి ఇస్తారు. వేయించుకుంటే ఇక ఎవరూ అడగరు. అందుకే వేయించలేదు. ఒక మంచి పనివాడి పేరు నా నోటివల్ల చెడింది. అడిగినవాళ్లకల్లా ఆ సంగతి చెప్పాలని కూర్చున్నాను, కానీ పెట్రోలు బంకు దగ్గర ఎవరికి అంత ఓపిక ఉంటుంది? అందుకని రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. గుజ్జు వాసన చూసి, రుచి చూసి, బాగుందో లేదో చెప్పడం నా పని. ఒక డ్రమ్ము పులిసిందంటే అది ఎవరి చేతిలో పులిసిందో తేల్చేదాకా నాకు అన్నం సహించేది కాదు. తేలాక ఆ మనిషిని అందరి ముందూ నిలబెట్టి కడిగేసేవాణ్ని. గదిలోకి పిలిచి మెల్లగా చెబితే బుద్ధి రాదని నా నమ్మకం. ఇంట్లో పాలు పొంగినా విచారణే. స్టవ్ ఎవరు వెలిగించారు, మంట ఎవరు పెంచారు, ఆ సమయంలో ఎవరెక్కడ ఉన్నారు. "మీరు రిటైరైతే ఫ్యాక్టరీ బాగుపడతాది, నా పని అయిపోతాది" అని మా ఆవిడ నవ్వేది.

రిటైరయ్యాక ఒక పాత టెంపో వ్యాను కొన్నాం. సీట్లు పీకించి లోపల మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, గిన్నెలు కడుక్కునేందుకు చిన్న సింకు పెట్టించాం. మోటార్ హోమ్ అంటారు దాన్ని. మా వీధిలో మాత్రం ఇంటిబండి అనే పేరు నిలిచిపోయింది. ఉన్నది మేమిద్దరమే. మా ఆవిడకు హోటల్లో నిద్ర పట్టదు, చుట్టాలిళ్లలో నాకు పట్టదు. పులికాట్ సరస్సులో దిగే పక్షులను చూడాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. మామిడి సీజనని, లెక్కల తనిఖీ అని నేను సాకులు చెబుతూ వచ్చాను. ఇప్పుడు సాకు లేదు. పెయింటు ఒక్కటే మిగిలింది.

తిరుపతిలో రేణిగుంటకు పోయే దారిలో ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక మేస్త్రీ ఒంటరిగా బండ్లకు రంగులు వేసేవాడు. నా ఈడువాడే. ఆయన పని చూసి నాకు ముచ్చటేసింది. దుమ్ము లేవకుండా ముందు నేలంతా నీళ్లు చల్లేవాడు. నాలుగు వైపులా టార్పాలిన్ పట్టాలు దించేవాడు. రంగు చిమ్మే గన్ను చేతిలోకి తీసుకునే ముందు చొక్కా కూడా మార్చుకునేవాడు. నాలాంటి మనిషి ఇంకొకడు ఉన్నాడే అనిపించింది.

నేను కోరింది ముదురు నీలం, మెరుపు ఉండేది. మొదటి రోజే ఆయన నాకు ఒక మాట చెప్పాడు.

"సూడప్పా, ముందర రంగు కొడతా. దాని మీంద క్లియర్ కోటు. అది రంగు లేని పొర, గాజు మాదిరి. ఎండా వానా అదే కాసుకుంటాది. ఈ రెండిటికీ నడమ ఎవురూ సెయ్యి పెట్టగూడదు. ఒక్క సుక్క నూనె తగిలినా క్లియరు పట్టుకోదు. ఇప్పుడు బాగానే కనపడతాది, రెండేండ్లకు పొర లేసిపోతాది."

నేను బుద్ధిమంతుడిలా తల ఊపాను.

బుధవారానికి బండి ఇస్తానన్నాడు. శుక్రవారం అలిపిరి దగ్గర పూజ చేయించి, ఆ ఆదివారమే బయలుదేరాలని మా ఏర్పాటు. ఆ వారం దాటితే ఆషాఢం. కొత్తగా కొన్న బండికి ఆషాఢంలో పూజ చేయించేవాళ్లు మా వైపు ఎవరూ ఉండరు. అయితే సోమవారం నుంచి ముసురు పట్టింది. మేస్త్రీ గన్ను ముట్టుకోలేదు. వానలో క్లియరు కొడితే తెల్లగా పాలిపోతుందన్నాడు.

"ఆషాఢం వచ్చేస్తాది మేస్త్రీ."

"ఆషాడం పొయ్యినాక సేసుకోప్పా పూజ. సామి యాడికీ పోడు కదా."

న్యాయమైన మాటే. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఫ్యాక్టరీలో నేను చెప్పిన తేదీకి లారీ కదలాల్సిందే. ఇక్కడ ఈయన వానను చూపించి నన్ను నెల రోజులు కూర్చోబెడతాడా అనిపించింది.

శుక్రవారం పొద్దున వాన తెరిపిచ్చి ఎండ కాసింది. మేము పోయేసరికి మేస్త్రీ నీలం రంగు కొట్టి ముగించాడు. బండి నీలం పట్టుచీరలాగా ఉంది. అది ఆరాక మధ్యాహ్నం క్లియరు కొడతానని, ఆపైన రెండు రోజులు బండి కదలకూడదని చెప్పి, భోజనానికి ఇంటికి బయలుదేరాడు. గడప దాకా పోయి వెనక్కి తిరిగి, "తాకొద్దండి" అన్నాడు.

పన్నెండుకు రాహుకాలం పోయింది. మా ఆవిడ ఎందుకైనా మంచిదని పూజ సామాను సంచిలో తెచ్చింది. దాన్ని చూడగానే నాకు బుద్ధి పుట్టింది.

"ఈడనే చేసేద్దాం. ఈ పొద్దు దాటితే మళ్లీ నెల ఆగాల."

"ఆయప్ప తాకొద్దన్నాడు కదా?"

"దేవుడికి బొట్టు పెట్టేదానికి గూడా ఆయప్ప సెలవు తీసుకోవాల్నా? పెట్టి తుడిచేస్తాం. ఎవరికి తెలుస్తాది?"

ఎవరికి తెలుస్తుంది అనే మాట ఫ్యాక్టరీలో ఇంకొకరి నోట వినివుంటే ఆ పూటే ఇంటికి పంపేవాణ్ని.

గంధం నీళ్లతో కలిపి పెడితే నున్నటి రంగు మీద నిలవలేదు, జారిపోయింది. దీపానికని తెచ్చిన కొబ్బరినూనె సీసా ఉంది. అందులో కలిపాను. అప్పుడు చక్కగా పట్టుకుంది. బానెట్ నడుమ నా వేలితోనే నామం దిద్దాను, అటూ ఇటూ గంధం, మధ్యలో అదే నూనెలో తడిపిన కుంకుమ. మా ఆవిడ హారతి ఇచ్చింది. బయటికి పోయి టెంకాయ కొట్టాను. ఇద్దరం దండం పెట్టుకున్నాం. తర్వాత నా భుజం మీది తువ్వాలుతో శుభ్రంగా తుడిచాను. ఒంగి, పక్కనుంచి, ఎదురుగా, అన్ని వైపుల నుంచీ చూశాను. ఏమీ కనపడలేదు.

మేస్త్రీ వచ్చి చొక్కా మార్చుకుని, దుమ్ము గుడ్డతో బండి చుట్టూ మెల్లగా తుడుచుకుంటూ వచ్చాడు. బానెట్ దగ్గర ఆగాడు. కొంచెం ఒంగాడు. ఇంకో గుడ్డ చేతికి తీసుకుని, మళ్లీ పక్కన పెట్టేశాడు.

"ఎవురన్నా సెయ్యి పెట్టినారాప్పా?"

"లేదు మేస్త్రీ."

"నిజమేనా?"

"మేమెందుకు పెడతాం?"

మా ఆవిడ రోడ్డు వైపు చూస్తోంది. మేస్త్రీ నా మొహంలోకి ఒకసారి చూసి, గన్ను తీసుకున్నాడు.

బండి అద్భుతంగా వచ్చింది. పక్షులు వచ్చే కాలం చూసుకుని ఆ చలికాలం పులికాట్ పోయాం. గట్టు మీద బండి ఆపి, తలుపు దగ్గర కూర్చుని మా ఆవిడ గంటల తరబడి పక్షులను చూసింది. గులాబి రంగు కాళ్లు, పొడుగు మెడలు. "మీరు ముందే తీసుకొచ్చి ఉంటే నా కండ్లు ఇంకా బాగా కనపడేవి" అంది. అందులో నింద లేదు, సంతోషమే. మా జీవితంలో అంత మంచి రోజులు తక్కువ. రొయ్యలు పట్టేవాళ్లు వచ్చి బండి బానెట్ మీద మొహం చూసుకుని తల దువ్వుకునేవాళ్లు. నూనె సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను.

రెండో ఎండాకాలంలో వైపర్ కింద గోరంత మేర పొర లేచింది. ఉల్లిపాయ పొరలాగా పలచగా, గాలికి రెపరెపలాడుతోంది. మైనం పాలిష్ రుద్దాను. టేపు అంటించాను. టేపు తీస్తే ఇంకొంచెం ఊడింది. కింద నీలం రంగు వెలిసి బూడిద పూసినట్టు కనపడింది. నా కోపం సంగతి చెప్పక్కర్లేదు. ఎవరి తప్పో నాకు క్షణంలో తేలిపోయింది. మా ఆవిడను బండి ఎక్కించుకుని నేరుగా తిరుపతి పోయాను.

షెడ్డులో మేస్త్రీ ఒంటరిగా లేడు. చిత్తూరులో స్కూలు బస్సులు నడిపే ఓనరు ఒకాయన తన బస్సులన్నిటికీ రంగు వేయించాలని వచ్చి మాట్లాడుతున్నాడు. వాళ్ల డ్రైవర్లు ఇద్దరు ముగ్గురు, టీ తెచ్చినాయన, పక్క వెల్డింగ్ షాపువాళ్లు కూడా ఉన్నారు. నాకు కావలసింది అదే.

"ఏంది మేస్త్రీ ఇది? రెండేండ్లు గూడా నిలవలేదే! మాటలు మాత్రం కోటలు దాటించావు. అన్నా, మీ బస్సులు ఈయనకు ఇచ్చే ముందు ఒక్కసారి ఈడికి వచ్చి చూడండి. ఈయన పనితనం చూడండి!"

ఓనరు వచ్చాడు. అందరూ వచ్చారు. మేస్త్రీ బానెట్ మీదికి ఒంగాడు. లేచిన పొర అంచున గోరు పెట్టి మెల్లగా లాగాడు. అది తిన్నగా, రెండు వేళ్ల వెడల్పున, కిందికి ఊడుతూ వచ్చి ఒకచోట ఆగిపోయింది. జానెడు అవతల మళ్లీ గోరు పెట్టాడు. అక్కడా అంతే, మొదటిదానికి సరిజోడుగా ఇంకో గీత. రెండూ కింద ఒకదానివైపు ఒకటి వంగి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. నా వేలు, కొబ్బరినూనె, తువ్వాలు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.  మేస్త్రీ మధ్యగీత జోలికి పోలేదు. తన అరచెయ్యి తెచ్చి ఆ రెండు గీతల మీద కప్పి పెట్టాడు. ఓనరుకు అక్కడ ఏముందో కనపడకుండా.

"తప్పు నాదేప్పా," అన్నాడు. "సరిగా తుడిసి ఉండను. బండి ఈడ వదిలిపో, మళ్లా కొట్టి ఇస్తా."

నాకు తెలిసిపోయింది, ఆయనకూ తెలుసని అర్థమైంది. అప్పటికైనా నోరు ఆపాలి కదా? ఆగలేదు. అంతమంది ముందు మొదలుపెట్టిన అరుపు మధ్యలో ఎలా మింగాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ పని ఎప్పుడూ చేయలేదు. "మళ్లీ నీ చేతికా? ఒకసారి మోసపోయింది చాలు!" అన్నాను. అన్నది నేనే. ఓనరు తన డ్రైవర్లకు కనుసైగ చేసి, టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

తిరిగి వస్తూ పూతలపట్టు దాటాం. తర్వాత మా ఆవిడ మెల్లగా అంది, "గంధం మనమే కదా పెట్టింది."

"నోరు మూసుకో."

"నేను మూసుకుంటా. మీరు మూసుకోవాల్సింది ఆడ."

నలభై ఏళ్ల కాపురంలో ఆమె నన్ను అంత మాట అనడం అదే మొదటిసారి. ఒక్క అక్షరం తప్పు లేదు.

బండిని ఇంటి ముందు నిలిపేశాను. మరుసటి ఏడాది ఎండలకు మధ్యగీత దానంతట అదే ఊడింది. నీలం బానెట్ మీద తెల్లగా, నిండుగా, నామం తేలింది. ముందు ఎదురింటి ఆవిడ చూసింది. ఆమె వీధంతా చెప్పింది. స్వామి తనంతట తానే వెలిశాడన్నారు. ఊళ్లు తిరగాలనుకున్న మమ్మల్ని తిరుమల రమ్మని పిలుస్తున్నాడన్నారు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే వైపర్‌కు తులసిమాల వేలాడుతోంది. బానెట్ మీద ఎవరో కర్పూరం వెలిగించిన మసి కూడా ఉంది. నేను చెప్పిన అబద్ధానికి జనం పూలు పెడుతున్నారు. మా ఆవిడ రోజూ వచ్చి ఆ పూలు తీసేసేది, నావైపు చూడకుండా. ఆ చూడకపోవడం నేను వారం రోజులకు మించి భరించలేకపోయాను.

తిరుపతి పోతే ఆ షెడ్డులో టైర్లు అమ్ముతున్నారు. వెల్డింగ్ షాపాయన నన్ను గుర్తుపట్టలేదు. "మేస్త్రీనా? ఆయప్ప కొట్టిన రంగు ఊడిపోతాదని ఎవురో పుకారు లేపినారప్పా. పని తగ్గిపోయింది. తడ పక్కన కూతురు కాడికి పొయ్యినాడు. ఆడ పడవలకు రంగులు పూస్తా ఉండాడంట" అన్నాడు. ఆ ఎవరో తన ఎదురుగానే నిలబడి ఉన్నాడని ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. అక్కడే చెప్పి ఉండాల్సింది.

మా ఆవిడను బండిలో ఎక్కించుకుని తడ పోయాను. పులికాట్ సరస్సు గట్టున బోర్లించిన పడవ పక్కన గొంతుకూర్చుని మేస్త్రీ కుంచెతో పచ్చరంగు పూస్తున్నాడు. నీళ్లు చల్లిన నేల లేదు, పట్టాలు లేవు. ఇసుక ఎగిరి తడి రంగు మీద పడుతోంది. ఆయన దాన్ని తుడవడం లేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. మా ఆవిడ నా కన్నా ముందు పోయి ఆయనకు చేతులు జోడించింది. నేను అంతా చెప్పాను. రాహుకాలం, నూనె, తువ్వాలు, నా అబద్ధం.

"తెలుసప్పా," అన్నాడు, కుంచె ఆపకుండా. "ఆ పొద్దే తెలుసు. గంధం వాసనా, టెంకాయనూనె వాసనా. ముక్కు నీకొకడికేనా ఉండేది?"

"తెలిసి ఎందుకు కొట్టినావన్నా?"

"ఆ నూనె పొయ్యేటట్టు థిన్నరు పెట్టి తుడస్తామని గుడ్డ సేతికి తీసుకున్నా. సామికి నామం దిద్దిన సోటు అది. దాని మీంద థిన్నరు పోసేదానికి నాకు సెయ్యి ఆడలే. నువ్వు ఔనంటే, నువ్వే తుడిసెయ్యప్పా అని నిన్నే అడిగి ఉందును. మళ్లా ఒగ కోటు రంగు కొట్టి ఉందును. అర్ధగంట పని. రెండుసార్లు అడిగితిని. నువ్వు లేదంటివి."

అర్ధగంట పని. ఆ మాట ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది.

"నన్ను క్షమించన్నా. బండి తెచ్చినాను. నువ్వే మళ్లీ కొట్టు."

"గన్ను అమ్మేసినా." ఆయన మొదటిసారి నావైపు తిరిగి చూశాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది. "అరిసింది అందురి ముందర కదప్పా. సెప్పేది మాత్రం ఈడ, పడవల కాడనా?"

 ఆయన మా ఆవిడ వైపు తిరిగి, "పిట్టలు సూసినావామ్మా ఆ యేడు?" అని అడిగాడు. చూశానన్నా అని చెప్పి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పక్షుల కోరిక సంగతి నేనెప్పుడు ఆయనతో అన్నానో నాకు గుర్తు లేదు. ఆయనకు గుర్తుంది.

మరుసటి రోజే చిత్తూరులో బస్సుల ఓనరు దగ్గరికి పోయాను. కావాలనే డ్రైవర్లందరూ ఉండే వేళ చూసుకుని, బండిని వాళ్ల ఆవరణ నడుమ ఆపాను. అక్కడే నిలబడి, ఫ్యాక్టరీ గొంతుతో, అందరికీ వినపడేటట్టు మొదలుపెట్టాను. ఓనరు కాసేపు అయోమయంగా విన్నాడు.

"ఏ మేస్త్రీ అప్పా?"

"రేణిగుంట దావలో, రేకుల షెడ్డు. మీరు బస్సులు ఇస్తామని వచ్చిన రోజు."

"ఓ, ఆయప్పా. ఆయప్ప కొట్టిన రంగు ఊడిపోతాదంట కదా. నేనే శానామందికి సెప్పినా, ఆడికి పోవద్దండ్రా అని."

"మీకెవరు చెప్పినారన్నా?"

"ఎవురో సెప్పినారప్పా. అందురూ అంటారు. ఇప్పుడు యాడ గుర్తుండాది?"

"నేనే అన్నా చెప్పింది. అది అబద్ధం. ఆయన పని మంచిదే. క్లియరు కింద నూనె పూసింది నేను, ఈ చేత్తో. ఇది చూడండి" అని పక్కకు తప్పుకుని బానెట్ చూపించాను.

ఓనరు చూశాడు. రెండడుగులు ముందుకు వచ్చి మళ్లీ చూశాడు. ఆయన మొహం మారిపోయింది. నూనె ఎలా కలిపానో, మేస్త్రీ నన్ను రెండుసార్లు ఎలా అడిగాడో నేను చెబుతూనే ఉన్నాను. ఆయన చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, చేతులు జోడించాడు. ఆయన వెనక డ్రైవర్లు కూడా ఒక్కొక్కరే చెప్పులు విడవడం మొదలుపెట్టారు.